ప్లాట్‌ఫారం ఒక్కటే, మస్టర్లు రెండు

ఊరి పేరు బల్లార్‌పూర్, స్టేషన్ పేరు బల్లార్షా. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే ప్రధాన మార్గంలో మధ్య రైల్వే నాగపూర్ డివిజన్ ఇక్కడితో అయిపోతుంది. ఇది దాటి మాణిక్‌గఢ్ వైపు కదిలిన బండి దక్షిణ మధ్య రైల్వే చేతిలోకి వస్తుంది. వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. బొగ్గు గనులకూ కాగితం మిల్లుకూ వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు, సిరోంచ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కలిసి ఈ స్టేషన్ చుట్టుపక్కల తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. 2018లో రైల్వే స్టేషన్ల సుందరీకరణ పోటీలో చంద్రపూర్‌తో కలిసి దేశంలో మొదటి బహుమతి తెచ్చుకున్నదీ ఈ స్టేషనే. గోడల మీద తాడోబా పులుల బొమ్మలు చూసి ఫొటోలు తీసుకునేవాళ్లకు ఆ గోడ కింది నేలను తుడిచే మనిషి పేరు ఎవరి రిజిస్టర్‌లో ఉందో తెలియనవసరం లేదు. తుడిచే మనిషికి మాత్రం అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే.

ఎందుకంటే సరిహద్దు ప్రాంతంలోని ఇలాంటి స్టేషన్లలో సఫాయి పనికి రెండు మస్టర్లు, అంటే హాజరు పట్టీలు ఉంటాయి. ఒకటి రైల్వేది, రెండోది ఠేకేదారుది, అంటే కాంట్రాక్టరుది. చీపురు ఒకటే, నీళ్ల పైపు ఒకటే, రైలు వెళ్లాక ఊడ్చే ప్లాట్‌ఫారం కూడా ఒకటే. జీతం, సెలవు, దెబ్బ తగిలితే వైద్యం, యూనియన్‌లో ఓటు, రిటైరయ్యాక వచ్చేది అన్నీ వేరు. “స్టేషన్‌లో పని దొరికింది, యూనియన్ ఉంది, ఇక టెన్షన్ లేదు” అని ఇంట్లో చెప్పేముందు ఆ రెండింటిలో తన పేరు దేనిలో ఉందో చూసుకోవాలి.

మొదటి మస్టర్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, ఎందుకంటే అందులోకి కొత్తగా దారి దాదాపు మూసుకుపోయింది. ఒకప్పుడు సఫాయివాలా అనేది రైల్వేలో గ్రూప్-డి ఉద్యోగం. ఇప్పుడు కాగితాల మీద ఆ పేరు హౌస్‌కీపింగ్ అసిస్టెంట్‌గా మారింది. ఏడో వేతన సంఘం లెక్కలో అది లెవెల్-1, మూల వేతనం నెలకు 18,000 రూపాయలతో మొదలు, దాని మీద కరవు భత్యం, ఇతర అలవెన్సులు. 2025 జనవరిలో లెవెల్-1లో 32,438 ఖాళీలకు వచ్చిన ప్రకటన తీసి చూస్తే ట్రాక్ మెయింటెయినర్, పాయింట్స్‌మన్, వివిధ విభాగాల అసిస్టెంట్ పోస్టులు కనిపిస్తాయి, స్టేషన్ ఊడ్చే పోస్టు కనిపించదు. కాబట్టి “రెండు లక్షలు ఇస్తే స్టేషన్‌లో పర్మనెంట్ సఫాయి పోస్టు వేయిస్తా” అనే దళారీ అమ్ముతున్నది లేని సరుకు. ఠేకా పనికే ఐడీ కార్డు, యూనిఫాం చూపించి “ఇది రైల్వే ఉద్యోగమే” అని నమ్మించడం ఈ మోసంలో పాత పద్ధతి. ఐడీ కార్డు మీద ఏ కంపెనీ పేరుందో చదివితే చాలు, విషయం అక్కడే తేలిపోతుంది.

ఇక యూనియన్. రైల్వేలో యూనియన్లకు లోటు లేదు. 1924లో పుట్టిన ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్, దానికి పోటీగా నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ రైల్వేమెన్, ఒక్కో జోన్‌లో వాటి అనుబంధ సంఘాలు. బల్లార్షా మధ్య రైల్వే కిందికి వస్తుంది కనుక ఇక్కడ ప్రధానంగా వినిపించేవి నేషనల్ రైల్వే మజ్దూర్ యూనియన్, సెంట్రల్ రైల్వే మజ్దూర్ సంఘ్. కాజీపేట వైపు నుంచి వచ్చినవాళ్లకు అలవాటైన పేర్లు దక్షిణ మధ్య రైల్వేవి. జోన్ మారితే సంఘం కూడా మారుతుంది, అక్కడి బంధువు మాట ఇక్కడ చెల్లదు. ఒడిశా వైపు రాయగడలో, బరంపురంలో అయితే తూర్పు కోస్తా రైల్వే సంఘాలు. 1974 మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మె ఈ యూనియన్ల బలం ఎంతో చూపించింది. దాన్ని ఎంత కఠినంగా అణచారో కూడా తెలిసిందే. ఆ సమ్మె నడిపినప్పుడు రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జ్ ఫెర్నాండెజ్. ఏ సంఘానికి గుర్తింపు ఇవ్వాలో తేల్చే రహస్య బ్యాలెట్ చివరిసారి 2024 డిసెంబర్ 4, 5, 6 తేదీల్లో జరిగింది.

ఆ బ్యాలెట్‌లో ఠేకా సఫాయి కార్మికులకు ఓటు లేదు. చిక్కు ముడి ఇక్కడే ఉంది. స్టేషన్‌లో యూనియన్ ఆఫీసు ఉంటుంది, జెండా ఉంటుంది, గోడ మీద పోస్టర్లు ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు వాటిని చూసి ఈ నీడ తమ మీదా పడుతుందనుకుంటారు. గుర్తింపు ఉన్న సంఘం రైల్వే అధికారులతో కూర్చుని మాట్లాడేది రైల్వే మస్టర్‌లో ఉన్నవాళ్ల గురించి. ఠేకా మనుషుల కోసం మంచి నాయకుడు ఒక ఫోన్ చేయొచ్చు, వాళ్ల గోడు మెమోరాండంలో ఒక పేరాగా చేర్చొచ్చు. అది ఆయన మంచితనం మీద ఆధారపడిన విషయం, వాళ్లకున్న హక్కు కింద రాదు.

పోల్చి చూడటానికి అమెరికా పద్ధతి ఒకసారి చెప్పుకోవచ్చు. అక్కడ రైల్వేల్లో యూనియన్లకు ఆధారం 1926 నాటి రైల్వే లేబర్ చట్టం. యూనియన్ ఒప్పందంలో ఆ షరతు ఉన్నచోట, ఉద్యోగంలో చేరినవాళ్లు 60 రోజుల్లో సంఘంలో చేరాలి. స్టేషన్ ఊడ్చే పని యూనియన్ పరిధిలో ఉంటే కొత్త మనిషి మొదటి రోజునుంచే సీనియారిటీ వరసలో నిలబడతాడు, మంచి షిఫ్టు, వారపు సెలవు ఆ వరస ప్రకారం వస్తాయి. మన ట్రేడ్ యూనియన్ల చట్టం కూడా 1926లోనే వచ్చింది, సంవత్సరం మాత్రమే కలిసింది. ఇక్కడ చేరడం ఎవరికీ తప్పనిసరి కాదు, కానీ ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ సంస్థలో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి, ఏడుగురికి తగ్గకూడదు. పాత చట్టం స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ లెక్క మిగిలింది. ఠేకా కార్మికులకు ఈ హక్కు పూర్తిగా ఉంది. ఒక షిఫ్టులో పనిచేసేవాళ్లు కలిసినా ఏడుగురవుతారు. అడ్డం వచ్చేది టెండర్ గడువు. సంఘం పెట్టేసరికి ఠేకేదారు మారిపోతాడు.

రోజూ జరగాల్సిన పని, ఎప్పటికీ ఆగని పని, రైల్వే సొంత భవనంలో పని. మరి ఇది ఠేకా కింద ఎందుకు నడుస్తోంది? దీనికి ఒక కథ ఉంది, దాన్ని యూనియన్ మీటింగుల్లో కూడా సగమే చెబుతారు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం, ఏడాది పొడవునా ఉండే పనుల్లో ఠేకా పద్ధతిని ప్రభుత్వం నిషేధించొచ్చు. 1976 డిసెంబర్ 9న కేంద్రం నిజంగానే ఆ పని చేసింది. తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్చడం, కడగడం, దుమ్ము దులపడం, కాపలా వంటి పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టుకోకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కాగితం మీద ఉన్న ఆ నిషేధానికి 1996లో సుప్రీంకోర్టు ఎయిరిండియా కేసులో పళ్లు తొడిగింది. నిషేధం ఉన్నచోట పనిచేస్తున్న ఠేకా మనుషులను సంస్థే తీసుకోవాలంది. అయిదేళ్లు తిరగలేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది, 1976 నోటిఫికేషన్‌ను కూడా కొట్టేసింది. ఒక్కో సంస్థ పరిస్థితి చూడకుండా అన్నిటికీ కలిపి ఒకే నిషేధం పెట్టడం చెల్లదంది. ఠేకా అనేది పేరుకే ఉండి, నిజానికి అసలు యజమానే పని చేయించుకుంటున్నట్టు రుజువైతే మాత్రం కార్మిక న్యాయస్థానం ఆ మనుషులను సంస్థ మనుషులుగానే చూడొచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచింది. ఆ రుజువు భారం చీపురు పట్టిన మనిషి మీదే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్లు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేశాయి, కార్మికుడికి నచ్చే దిశలో మాత్రం కాదు. వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఒక సంస్థ ప్రధాన కార్యకలాపంలో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు. ఆ వెంటనే ప్రధాన కార్యకలాపం కిందికి రాని పనుల జాబితా ఇచ్చింది. ఆ సంస్థ పెట్టిందే శుభ్రం చేయడానికైతే తప్ప, సానిటేషన్, అంటే ఊడ్చడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, చెత్త ఎత్తి పారవేయడం, ఆ జాబితాలో మొదటి వరసలోనే ఉన్నాయి. స్టేషన్ ఒక్కరోజు ఊడ్వకపోతే పేపర్లో ఫొటో వస్తుంది, పరిశుభ్రతకు ర్యాంకులు కూడా ఇచ్చారు, అయినా అది రైల్వే ప్రధాన పని కాదట. చట్టం రాసినవాళ్ల దృష్టిలో రైల్వే పని రైళ్లు నడపడమే. ఈ వాదనలో తర్కం లేకపోలేదు. న్యాయం ఉందా అనేది వేరే ప్రశ్న.

అందుకే ఠేకా మస్టర్‌లో చేరే మనిషి “ఎప్పుడు పర్మనెంట్ చేస్తారు” అనే ఆశ మీద కాకుండా, ఇవ్వాళ చట్టం ఇచ్చినదాని మీద నిలబడటం మేలు. ఆ ఇచ్చినది తక్కువేమీ కాదు. రైల్వే విషయంలో సంబంధిత ప్రభుత్వం కేంద్రం. అంటే వర్తించేది మహారాష్ట్ర కనీస వేతనం కాదు, కేంద్రం ప్రకటించే రేటు. ఊడ్చే, శుభ్రం చేసే పనికి 2024 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన రేటు ‘ఏ’ వర్గం నగరాల్లో, అంటే పెద్ద నగరాల్లో, రోజుకు 783 రూపాయలు, 26 రోజులకు 20,358గా ఉండేది. బీ, సీ వర్గాల ఊళ్లకు ఇంతకన్నా తక్కువ. ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న ఈ రేటును సవరిస్తారు. కాబట్టి పనిలో చేరిన రోజు చెప్పిన పగారే ఏడాది తర్వాత కూడా ఇస్తున్నారంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. నెల పగారు మరుసటి నెల ఏడో తేదీ లోపల పడాలి. ఓవర్‌టైమ్‌కు రెండింతల రేటు. పీఎఫ్‌కు కార్మికుడి వాటా 12 శాతం, ఈఎస్‌ఐ వర్తించే చోట 0.75 శాతం, అంతే కోయాలి. యజమాని వాటా కూడా కార్మికుడి పగారులోంచే లాగేయడం చట్టవిరుద్ధం. స్లిప్ ఇవ్వని చోట ఈ విషయం బయటపడటానికే ఏళ్లు పడుతుంది.

ఠేకేదారు పగారు ఎగ్గొడితే చివరికి చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమానిది, అంటే రైల్వేది. ఇది 1970 చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్లలోనూ ఉంది. ఎవరికి ఎంత ముట్టిందో కనిపించడానికి రైల్వే 2018 అక్టోబర్ 1న శ్రామిక్ కల్యాణ్ పోర్టల్ మొదలుపెట్టింది. ఠేకేదారు ప్రతి మనిషి పేరు, హాజరీ, చెల్లించిన మొత్తం అందులో ఎక్కించాలి. అయితే పోర్టల్‌కు కనిపించేది బ్యాంకులో పడ్డ డబ్బు. పడిన మర్నాడు ఏటీఎం దగ్గర నిలబెట్టి అందులోంచి రెండు మూడు వేలు సూపర్‌వైజర్ వెనక్కి తీసుకుంటే ఏ కంప్యూటర్‌కూ కనిపించదు. దేశంలో ఎన్నోచోట్ల ఠేకా పనుల్లో వినవచ్చే ఫిర్యాదు ఇది. కార్డు, పిన్ ముకద్దం (పని చేయించే మేస్త్రి) దగ్గర పెట్టించుకోవడం దీనికి తొలి మెట్టు. “అందరివీ నా దగ్గరే ఉన్నాయి, నీకొక్కదానికే ఏంటి” అన్నప్పుడు ఒంటరిగా కాదనడం కష్టం. యూనియన్ అసలు పని ఇలాంటి చోట తెలుస్తుంది. పది మంది ఒకేసారి కార్డులు వెనక్కి అడిగితే గొడవ అంతటితో ఆగుతుంది.

ఫిర్యాదుకు వెళ్లేటప్పుడు ఎక్కువమంది పోయేది తప్పు గడపకే. జిల్లాలోని రాష్ట్ర లేబర్ ఆఫీసు ఈ విషయం తమది కాదంటుంది, అదీ నిజమే. ఇది కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగం చూసే పని, ఈ ప్రాంతానికి పెద్ద కార్యాలయం నాగపూర్‌లో ఉంది. కేంద్రం నడిపే సమాధాన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు వేయొచ్చు. తప్పు గడపల చుట్టూ తిరిగి నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్నాక చాలామంది ఊరుకుంటారు, ఠేకేదారుకు కావాల్సిందీ అదే.

సరిహద్దులో బతికే తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఒక తలనొప్పి గురించి వివరంగా చెప్పుకోవాలి, అది పేరు. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మహారాష్ట్రలో ముందు సొంత పేరు, మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెళ్లయిన ఆడవాళ్లకు మధ్యలో భర్త పేరు వస్తుంది, ఇంటిపేరు కూడా మారుతుంది. బడి సర్టిఫికెట్ ఆదిలాబాద్ వైపు తీసుకున్నదైతే ఒక రకం, ఇక్కడ తీసుకున్న ఆధార్ ఇంకో రకం, బ్యాంకు పాస్‌బుక్ మూడో రకం. తెలుగు “లక్ష్మి” మరాఠీ గుమాస్తా చేతిలో “లక్ష్మీబాయి” అవుతుంది, మల్లయ్య మల్లేశ్ అవుతాడు. చేరిన రోజు సూపర్‌వైజర్ తనకు వినిపించినట్టు రాసుకున్న పేరే పీఎఫ్ ఖాతాకు ఎక్కుతుంది. పని ఉన్నంతకాలం దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. కూతురి పెళ్లికో ఆస్పత్రి ఖర్చుకో పీఎఫ్ తీయబోయినప్పుడు ఆధార్‌తో పేరు కలవక దరఖాస్తు తిరిగొస్తుంది. దాన్ని సరిచేయడానికి చాలాసార్లు ఠేకేదారు సంతకం కావాలంటారు, ఆ ఠేకేదారు టెండర్ ముగించుకుని ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. చేరే రోజే ఆధార్‌లో ఉన్న అక్షరాలు ఉన్నట్టుగా ఎక్కించమని పట్టుబట్టడం, యూఏఎన్ నంబరు (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే నంబరు) పాతది ఉంటే కొత్తది తెరవనివ్వకుండా దానికే కలిపించడం అయిదు నిమిషాల పని. తర్వాత చేయించాలంటే అయిదు నెలలు పడుతుంది.

ఇక పని సంగతి. సాధారణంగా మూడు షిఫ్టులు: పొద్దున ఆరు నుంచి, మధ్యాహ్నం రెండు నుంచి, రాత్రి పది నుంచి. ప్లాట్‌ఫారం, వెయిటింగ్ హాలు, మెట్ల వంతెన, చెత్త డబ్బాలు, పట్టాల మధ్య కాంక్రీటు ఆప్రాన్, అన్నిటికన్నా కష్టం మరుగుదొడ్లు. ఏప్రిల్, మే నెలల్లో చంద్రపూర్ జిల్లాలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో రబ్బరు బూట్లు, గ్లోవ్స్ వేసుకుని ఆప్రాన్ కడగడం ఎలా ఉంటుందో టెండర్ కాగితం రాసినవాళ్లకు తట్టదు. గ్లోవ్స్ “ఉక్కపోస్తోంది” అని తీసేయడం కొత్తవాళ్లలో మామూలు. దెబ్బ తగిలాక ఠేకేదారు చెప్పే మొదటి మాట “సామాను ఇచ్చాం, వాడలేదు” అన్నదే. ఇచ్చిన సామాను గురించి పెట్టించుకునే సంతకం ఒక్కటి చాలు వాళ్లకు. చినిగిన గ్లోవ్స్ బదులు కొత్తవి అడిగిన సంగతి ఎక్కడా నమోదు కాదు. అందుకని అడిగినప్పుడు వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టి ఉంచడం తెలివైన పని.

పట్టాల మీద మానవ మలాన్ని చేతులతో ఎత్తించడం రైల్వేకు చాలా కాలం పట్టిన మచ్చ. 2013లో పాకీ పనిని నిషేధిస్తూ వచ్చిన చట్టం రైలు పట్టాలను కూడా పేరు పెట్టి చెప్పింది. 2014 మార్చి 27న సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు రైల్వేకు గడువు పెట్టుకుని దీన్ని ఆపమంది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన తెలుగు మనిషి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. డీఆర్‌డీవోతో కలిసి తయారుచేసిన బయో టాయిలెట్లు బోగీలకు బిగించాక పట్టాల మీద పడేది బాగా తగ్గింది. అయినా చట్టంలో ఒక సందు ఉంది. తగిన పరికరాలు, రక్షణ సామగ్రి ఇచ్చి శుభ్రం చేయిస్తే అది పాకీ పని కిందికి రాదు. కాబట్టి సామగ్రి ఇవ్వకుండా పూడిపోయిన మరుగుదొడ్డిలోకో గుంటలోకో దిగమన్నప్పుడు “అది నా పని కాదు” అనడం మొండితనం అవ్వదు, చట్టం చెప్పినదే. ఈ పనికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఏ వాడల నుంచి వస్తారో అందరికీ తెలుసు. మస్టర్‌లో కులం రాయకపోయినా, మరుగుదొడ్ల డ్యూటీ ఎవరికి పడుతుందో వరసగా నెల రోజులు చూస్తే అర్థమవుతుంది. డ్యూటీలు వంతులవారీగా తిరగాలని అడగడం పగారు పెంచమని అడిగినంత ముఖ్యమైన డిమాండే. చాలా సంఘాల పత్రాల్లో అది కనిపించదు.

సంఘంలో చేరమని ఎవరైనా రసీదు పుస్తకం పట్టుకుని వస్తే అడగాల్సినవి తక్కువే: రిజిస్ట్రేషన్ నంబరు ఏది, ఠేకా మనుషులకు సభ్యత్వం ఉందా, మొన్న టెండర్ మారినప్పుడు పాతవాళ్లను కొత్త ఠేకేదారు తీసుకునేలా చేసింది ఎవరు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మిగతాది తెలిసిపోతుంది. టెండర్ మారడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు. మనుషులు అక్కడే ఉంటారు, యజమాని పేరు మారుతుంది, సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్లు ఒకే యజమాని దగ్గర నిండాలి, టెండర్లు అంతకాలం నడవవు. కొత్త కోడ్ నిర్ణీత కాలానికి రాతపూర్వకంగా తీసుకున్న ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ ఇవ్వాలంది. అందరికీ నియామక పత్రం తప్పనిసరి చేసింది కూడా. ఆ పత్రంలో మొదలు తేదీ, ముగింపు తేదీ రాసి ఉంటే ఏడాది లెక్క అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అవేమీ లేకుండా “డైలీ లేబర్” అని ఒక్క మాట రాసి ఉంటే ఆ వాదన మొదట్లోనే బలహీనపడుతుంది. పని ఆపేసిన మనిషికి బాకీ పగారు రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది. కొత్త ఠేకేదారు మనిషి రిజిస్టర్ పట్టుకుని వచ్చి పేర్లు రాసుకునే పొద్దున, పాత ఠేకేదారు సూపర్‌వైజర్ ఇంకా స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరే ఉంటాడు. బాకీ, బోనస్, పీఎఫ్ లెక్క అతని దగ్గర రాయించుకోవడానికి ఉన్నది ఆ పూటే.